బండిదారికి అవతల

మంట ఊరికి నాలుగు మైళ్ళలో ఉందని పొద్దున చెప్పారు. పదకొండింటికి రెండు మైళ్ళన్నారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పడమటి గట్టు వెనకనుంచి లేచిన పొగ సూర్యుణ్ణి కప్పేసి, నట్టెండ వేళ నెమలిపెంట ఊరి మీద సాయంత్రం దించేసింది.

మైకు కట్టిన ఆటో ఒకటి వీధిలో అటూ ఇటూ తిరుగుతోంది. "నాలుగు గంటలకల్లా ఊరు ఖాళీ చేయవలెను. ఆధార్ కార్డులు, మందులు మాత్రమే తీసుకుని బస్సు ఎక్కవలెను. కొత్త కాలనీలో మీకు గదులు సిద్ధముగా ఉన్నవి." ఎవరు రాసిచ్చారో గాని, ఎంత తొందరలోనూ గ్రాంథికం మాత్రం వదల్లేదు.

నలభై రెండు ఇళ్ళ ఊరు. ఏది తీసుకెళ్ళాలి, ఏది వదలాలి అన్నది అంత తేలిగ్గా తేలే సంగతి కాదు. ఒకామె కుట్టుమిషను నెత్తికెత్తుకుంది. ఇంకొకాయన సామాన్లన్నీ లోపలే వదిలేసి, గుమ్మానికున్న టేకు తలుపు ఊడదీసే పనిలో పడ్డాడు. తలుపును బస్సెక్కించుకుంటారా అని అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఈ హడావిడికి వంద గజాల దూరంలో, ఊరికీ అడవికీ నడుమ ఉన్న బండిదారికి అవతల, ఎండ పడకుండా కట్టిన పచ్చటి నీడవల కింద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది డాక్టర్ లింగేశ్వరి. చేతిని మణికట్టు దాకా ఆకుల్లోకి దూర్చింది. తడి తగిలింది. బయట నలభై ఏడు డిగ్రీల ఎండ. పది రాత్రులుగా చుక్క మంచు లేదు. అయినా ఆ ఆకుల అడుగున తొలకరి పడిన మర్నాటి చెమ్మ ఉంది. ఇంకో రోజైతే ఆనందం పట్టలేక ఊరంతా వినబడేలా అరిచేది.

చెవిలో ఉన్న ఫోన్లోంచి తబస్సుమ్ గొంతు వణుకుతోంది. నగరంలోని ల్యాబులో కూర్చుని, ఆ వల కింది అరెకరంలో పాతిన పన్నెండు తేమమీటర్ల లెక్కలు చూసే పిల్ల ఆమె. "పన్నెండూ పచ్చగానే ఉన్నాయి మేడమ్. పదమూడో తరం నిలబడింది. మనం గెలిచాం మేడమ్."

"గెలిచాం," అంది లింగేశ్వరి, గట్టు మీద పొగను చూస్తూ.

ఆమె ఈ ఊరి ఆడపిల్లే. ఆమెకు పదేళ్ళప్పుడు కార్చిచ్చులో వాళ్ళ మేకల దొడ్డి కాలిపోయింది, దొడ్డితో పాటు ఒక చెల్లెలూ పోయింది. ఆ తర్వాత ఆమె చదివిన చదువంతా ఒక్క దానికోసమే. అడవిలో రాలిన ఆకు కాలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? చివరికి ఒక బూజును పెంచింది. తెల్లవారుజామున మంచు నీటిని పీల్చుకుని, రోజంతా తడిగుడ్డలా ఆకులను పట్టుకుని ఉండే నీలిరంగు బూజు. ల్యాబులో దానికి నోరు తిరగని పేరు పెట్టారు. ఊళ్ళో చెమ్మబూజు అన్నారు, అదే నిలిచింది.

ఆరేళ్ళ కిందట ఊరందరినీ పిలిచి, బూజు పట్టిన ఆకుల కుప్ప మీద అగ్గిపుల్ల గీసి వేసింది. ఆరిపోయింది. కిరసనాయిలు పోసి వేసింది. కిరసనాయిలు కాలింది గాని, ఆకు కాలలేదు. జనం ఈలలు వేశారు. ముసలివాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎందుకంటే నెమలిపెంట వాళ్ళకు ఏటా ఫాల్గుణంలో ఒక పని ఉంటుంది. ఇప్పపూలు రాలకముందే చెట్ల కింద ఎండుటాకును చిన్న చిన్న మంటలు పెట్టి కాలుస్తారు. నేల నల్లగా, శుభ్రంగా ఉంటే దాని మీద పడిన పూలు ముత్యాల్లా కనిపిస్తాయి, ఏరుకోవడం సులువు. ఆ అలవాటే కార్చిచ్చుకు మూలం అని లింగేశ్వరి వాదించింది. మీరు మంట పెడితే నా బూజు చచ్చిపోతుంది, కాల్చడం మానెయ్యండి అని నెత్తీ నోరూ కొట్టుకుంది. లింగమయ్య గుడి ముందు ఇంటికొకరు చొప్పున నిలబడి ఆమెకు మాట ఇచ్చారు.

ఇచ్చిన మాటను వాళ్ళు ఎంత బాగా నిలబెట్టుకున్నారంటే, నలుగురికి చెబితే నవ్వుతారు. బూజు ఆకును తిని బతుకుతుందని ఆమె ఒకసారి మాటవరసకు అంది. అంతే. మర్నాటినుంచి ఇల్లిల్లూ వాకిలి ఊడ్చి, ఆ ఆకునంతా తట్టలకెత్తి ఇళ్ళ వెనక పోయడం మొదలుపెట్టారు. బూజుకు మేత! పండగపూట కాస్త ఎక్కువ మేత. పెళ్ళిళ్ళలో పందిరి ఆకు కూడా మేతకే. లింగేశ్వరి చూసి మురిసిపోయింది. ఫోటోలు తీసి సభల్లో చూపించి చప్పట్లు కొట్టించుకుంది. వద్దని ఒక్క మాట అనలేదు.

ఆరేళ్ళ మేత ఇప్పుడు ఊరి వెనక నడుమెత్తు కట్టలా ఉంది. అడవిలో కాలని ఆకు మోకాలి లోతుంది. ఈ ఏడు వరసగా పది రాత్రులు మంచు కురవకపోయేసరికి, అడవినిండా చల్లిన పాత తరాల బూజు నీళ్ళందక ఎండి, ఏకిన దూదిలా తేలిపోయింది. మామూలు ఆకైతే మంట నడిచేది. ఈ దూది మీద పరిగెత్తుతోంది. నీడవల కింద పెంచిన పదమూడో తరం ఒక్కటే బతికి ఉంది.

దాన్ని మోసుకుపోదామంటే కుదరదు. ఆ అరెకరం బూజూ ఒకటే ప్రాణం. మూడుసార్లు ముక్క కోసి ల్యాబుకు పంపారు, మూడుసార్లూ పొద్దుగుంకేలోపు చచ్చిపోయింది. దాన్ని కాపాడితే ఉన్నచోటే కాపాడాలి. దానికి తల్లిమడి అని పేరు పెట్టింది కూడా లింగేశ్వరే.

ఆమె లేచి చేతులు దులుపుకుంటుంటే రెండు నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. ఊరి వీధిలోంచి, సామాన్లు నెత్తిన పెట్టుకున్న జనం పక్కనుంచి, ఆగకుండా దుమ్ము లేపుకుంటూ బండిదారి దాటి నేరుగా తల్లిమడి దగ్గరకొచ్చి ఆగాయి. ముందు జీపులోంచి రేంజర్ సోమశేఖర్ దిగాడు. మనిషి మంచివాడు. మూడు రోజులుగా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

"ప్లాటు చుట్టూ తడపమని ఆర్డరు మేడమ్. ఎనిమిది మందిని ఇచ్చారు. వలను కూడా తడిపేస్తాం, మీరు బస్సెక్కండి."

"ఊరికి?"

ఆయన బూట్లవైపు చూసుకున్నాడు. "ఊరికి బస్సు."

ఫోన్ మోగింది. ల్యాబు డైరెక్టరు. "లింగేశ్వరీ, ట్యాంకర్లు వచ్చాయా? పైవాళ్ళతో మాట్లాడి తెప్పించాను. ఆ మడి బతికితే దేశంలో ఎన్ని అడవులు బతుకుతాయో మీకు నేను చెప్పాలా?"

"సార్, నీళ్ళు రెండు ట్యాంకర్లే ఉన్నాయి. వెనక నలభై రెండు ఇళ్ళున్నాయి."

"మనుషులందర్నీ తీసుకొచ్చేస్తున్నారు కదమ్మా. ఇళ్ళదేముంది, పరిహారం ఇస్తారు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు, అదే ఆమె గుండెల్లో గుచ్చుకుంది. మడి విలువ ఆయనకు నిజంగా తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు. వెనక్కి తిరిగి చూసింది. వీధి చివర జనం నిలబడి ట్యాంకర్లను చూస్తున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

బండిదారికి ఇవతల మొదటి ఇల్లు ఆమె మేనత్త ఈదమ్మది. రెల్లుగడ్డి కప్పు, మట్టి గోడలు. ఊరంతా మూటలు కడుతుంటే ఈదమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మేకలు గుంజలకు కట్టేసే ఉన్నాయి.

"అత్తా, బస్సు వచ్చింది. లే."

"పో. నేను యాడికీ రాను."

"మొండికెయ్యడానికి ఇదా సమయం? గంటన్నరలో మంట ఇక్కడుంటది!"

"ఉంటే ఉండనీ." ఈదమ్మ గింజ తీసి పక్కన పడేసింది. "ఏమే లింగీ, నువ్వు సదువుకుంటివి కదా, ఒకటి చెప్పు. ఈ పొద్దు ఇల్లు కాలిపాయ. రేపొచ్చి మళ్ళ ఇక్కడే ఇల్లు ఏసుకుంటానంటే ఏసుకోనిస్తారా?"

లింగేశ్వరి మేకల కట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఇయ్యరు. అడివిలో కొత్త ఇంటికి పర్మిషన్ లేదంటారు. ముప్పై ఏండ్ల నుంచి ఫారెస్టోళ్ళు పొండి పొండి అంటానే ఉండారు. మనం కదల్లేదు. ఈ పొద్దు నిప్పు వాళ్ళ పని చేసి పెడతాంది. గదులు సిద్ధమంట! ఎప్పుడు కట్టినారో తెలుసా, ఆ గదులు? నాలుగేండ్లాయ, మనకోసం కాసుకోని ఉండాయి."

అది నిజమే. బస్సెక్కితే వెళ్ళడమే గాని రావడం ఉండదు. ఊళ్ళో ప్రతి ఒక్కరికీ తెలుసు. తలుపు ఊడదీస్తున్నాయనకూ తెలుసు, అందుకే ఊడదీస్తున్నాడు.

"ఇక్కడ కూచుంటే మాత్రం మంట ఆగుతుందా అత్తా?"

"ఎందుకాగదు? మీ నాయన ఎన్నితూర్లు ఆపలేదు? బండిదారి మీద నిలబడి అవతలికి మనమే నిప్పు పెట్టాల. అది గట్టుకేసి తినుకుంటా పోయి పెద్దమంటకు ఎదురు తగల్తాది. ఈడ తినేదానికి ఏమీ లేకపోతే పెద్దమంట ఏం తింటాది, మట్టా?"

"మరి ఇంతసేపూ ఎందుకు పెట్టలేదు?"

ఈదమ్మ మొదటిసారి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "నీకు మాటిచ్చినాం కదమ్మా."

మాట అంటే ఆ ఊళ్ళో ఏమిటో లింగేశ్వరి మర్చిపోయింది. ఇచ్చినవాళ్ళు దాన్ని తెంపుకోవడానికి లేదు. అవసరం తీరిందనో, ప్రాణం మీదికొచ్చిందనో చెల్లదు. తీసుకున్న మనిషే ముందు ఆ మాట దాటాలి, అప్పుడే మిగతావాళ్ళకు విడుదల. ఊరు ఊరంతా పొద్దుటినుంచి మూటలు కట్టుకుంటూ, నోరు తెరిచి అడగకుండా, ఆమెకేసి చూస్తోంది.

"ఎంత కాలాలి?" అంది.

"బండిదారికి అవతల ఉండేదంతా."

తల్లిమడి అవతలే ఉంది. రెండు మంటలు ఎదురెదురుగా వస్తే ఎంత తడి బూజైనా ఆవిరై పోవాల్సిందే. అది ఈదమ్మకూ తెలుసు. అందుకే ఆ మాట చెప్పి మళ్ళీ చింతపండులోకి తల వంచుకుంది.

లింగేశ్వరి గోడకు ఆనించిన ఆకు లాగే ఇనప దంతె తీసుకుని బండిదారి దాటింది. ట్యాంకరు మనుషులు అప్పటికే పైపులు విప్పుతున్నారు. వాళ్ళను దాటి నీడవల కిందికి వెళ్ళి, మడి మధ్యలో నిలబడి, దంతెను నేలలోకి దిగ్గొట్టి లాగింది.

నీలి పొర చిరిగింది. కింద బురదలా నల్లటి తడి మెరిసింది.

"మేడమ్!" అని సోమశేఖర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నారు మీరు!"

ఆమె మళ్ళీ లాగింది. ఏడుస్తోందని ఆమెకు తెలియలేదు, చూపు మసకబారాకే తెలిసింది. పదకొండేళ్ళుగా ఈ పనిలోనే ఉండి ఏ పండక్కీ ఇంట్లో కూర్చోలేదు. తల్లి పోయిననాడు కూడా ఈ పొరకు నీళ్ళు తగ్గుతాయేమోనని మూడో రోజే మడి దగ్గరికి వచ్చేసింది. అదంతా దంతె పళ్ళకు చిక్కుకుని పీలికలుగా వస్తోంది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా అడ్డంగా చీల్చింది. తర్వాత నిలువుగా.

చెవిలో తబస్సుమ్ అరుస్తోంది. "మేడమ్, నాలుగో మీటరు పడిపోతోంది! ఏడూ పడిపోతోంది! అక్కడ ఏమవుతోంది?"

"నేనే చీలుస్తున్నా తబస్సుమ్. రాసుకో. రెండు గంటల పది నిమిషాలకు నేనే చీల్చానని రాసుకో."

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత వెక్కుతూనే, "పన్నెండో మీటరు ఇంకా పచ్చగా ఉంది మేడమ్," అంది. లింగేశ్వరి వెళ్ళి ఆ మూల కూడా చీల్చి వచ్చింది.

"ఇక మీరు కాపాడాల్సిన మడి లేదు సార్," అంది సోమశేఖర్‌తో. "ఈ నీళ్ళు దేనికి కాస్తారు? ట్యాంకర్లు ఇళ్ళవైపు తిప్పండి. కప్పులు తడపండి."

"ఎదురుమంట పెట్టబోతున్నారా? మేడమ్, పర్మిషన్ కోసం పొద్దుటినుంచి నేనే నాలుగు చోట్లకు ఫోన్ చేశాను. ఎవరూ సరే అనలేదు, ఎవరూ వద్దనలేదు. నా కళ్ళముందు అడవికి నిప్పు పెడితే నేను కేసు రాయక తప్పదు."

"రాద్దురుగాని. ముందు బళ్ళు తిప్పండి."

ఆయన ఒక్క నిమిషం గట్టుకేసి చూశాడు. తర్వాత డ్రైవర్లకు చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత ఊళ్ళో జరిగింది చూసి మైకు ఆటోవాడు కూడా మైకు ఆపేశాడు. మడి చీలడం చూసి బస్సెక్కినవాళ్ళు దిగారు. పసిపిల్లల్నీ, మంచం పట్టినవాళ్ళనూ, నిండు చూలాలినీ మాత్రం ఎక్కించి పంపేసి, మిగతావాళ్ళు తట్టలు, దంతెలు, చీపుర్లు, పాత చీరలు పట్టుకుని ఇళ్ళ వెనక్కి పరిగెత్తారు. ఆరేళ్ళ మేతను అక్కణ్ణుంచి కదిలించాలి. తలుపు ఊడదీసినాయన ఆ తలుపునే నేలమీద పరిచి, దాని మీద ఆకు గుట్టపోసి, ఇద్దరితో కలిసి లాక్కుపోయాడు. కుట్టుమిషనావిడ ఆకులో ఉన్న తేళ్ళను తిడుతూనే ఎత్తిపోసింది. ఎత్తినదంతా బండిదారికి అవతల, చీలిన మడి మీద పోశారు. మూడున్నరకల్లా దారికి ఇవతల ఉత్త మట్టి మిగిలింది.

గట్టు మీద మంట కనబడింది. కొస చెట్లలోంచి ఒక్కసారిగా ఎర్రగా బయటపడి, కిందికి దిగడం మొదలుపెట్టింది. సెగ మొహాలకు తగులుతోంది. వెదురు కర్రకు గుడ్డ చుట్టి, నూనెలో ముంచి, ఈదమ్మ లింగేశ్వరి చేతికిచ్చింది.

"వెలిగించనా?"

"ఆగు. తొందరపడితే మన మంట మన మీదికే వస్తాది. కిందికి సూడు."

లింగేశ్వరి నేలకేసి చూసింది. గాలి ఇంకా పడమటి నుంచి ఊరివైపే వీస్తోంది. నిప్పురవ్వలు తలల మీదుగా ఎగిరి వస్తున్నాయి. వెనకెవరో ఈదమ్మ కప్పు అంటుకుందని కేకవేశారు. ఈదమ్మ తల తిప్పలేదు. "సూడు," అంది మళ్ళీ.

గాలి ఆగింది. దారి పక్కన ఒక ఎండుటాకు కదిలింది. కదిలి, నెమ్మదిగా, గట్టుకేసి పాకింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే నేలమీది ఆకంతా మంటవైపు పాకడం మొదలుపెట్టింది. పెద్దమంట తనకు కావలసిన గాలిని ఊరివైపునుంచి లాక్కుంటోంది.

"ఇప్పుడు."

లింగేశ్వరి గుడ్డ వెలిగించింది. చెల్లెలు పోయిన నాటినుంచి, ఆకు కాలదని చూపించడానికి తప్ప, ఆమె చేత్తో పొయ్యి కూడా వెలిగించింది లేదు. వంగి, నీడవల అంచుకు నిప్పు తగిలించింది. తర్వాత దాని పక్కన ఆకు గుట్టకు. బండిదారి వెంట నడుస్తూ అడుగడుక్కీ అంటించుకుంటూ పోయింది. పది అడుగులు వేసిందో లేదో, ఈదమ్మ ఆమె కర్ర మంటతో తన కర్ర వెలిగించుకుంది. ఈదమ్మ దగ్గర మరొకరు, వాళ్ళ దగ్గర ఇంకొకరు. దారి పొడుగునా నలభై కర్రలు వెలిగాయి. ఆరేళ్ళుగా బిగపట్టుకున్న మాట ఊరికి విడుదలైంది, జనం అరుపులతో కేకలతో ఊగిపోయారు.

మంటలు గట్టుకేసి పరిగెత్తాయి. రెండూ ఎదురుపడ్డప్పుడు రైలు వంతెన దాటినంత రొద వచ్చింది. ఆకాశమంతా నిప్పు. తర్వాత, నమ్మలేనంత తొందరగా, మంట కూర్చుండిపోయింది. తినడానికి ఏమీ లేదు.

రెండిళ్ళు కాలిపోయాయి. ఒకటి ఈదమ్మది. మిగతా నలభైనీ ట్యాంకర్ల నీళ్ళు నిలబెట్టాయి. ఈదమ్మ మసిబారిన గోడల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "గోడలు ఉండాయి. కప్పు నేసుకుంటే కొత్త ఇల్లు కిందికి రాదులే," అంది రేంజరుకు వినబడేలా. ఆయన విననట్టు ఊరుకున్నాడు.

తల్లిమడి ఉన్నచోట బూడిద కూడా పెద్దగా లేదు. పన్నెండు మీటర్లలో ఒక్కటీ పలకడం లేదని తబస్సుమ్ చెప్పింది. "మళ్ళీ మొదటి తరం నుంచి మొదలుపెట్టాలి మేడమ్," అంది. "మొదలుపెడదాం," అంది లింగేశ్వరి. "ఈసారి ఏడాదికోసారి కాలినా బతికే బూజు కావాలి. ఆరిపోయినప్పుడు దూది కాకుండా మట్టిలో కలిసిపోవాలి. రాసి పెట్టుకో." అలా అన్నాక ఫోన్ పెట్టేసి, బూడిద పక్కన కాసేపు ఊరికే కూర్చుంది. తప్పు చేశానని మాత్రం అనిపించలేదు.

ఆరింటికి సోమశేఖర్ జీపు బానెట్ మీద కాగితాలు పరిచి పిలిచాడు.

"సంతకం పెట్టండి మేడమ్. మీకు ఇబ్బంది లేకుండానే రాశాను."

చదివింది. ప్లాటు రక్షణ పనుల్లో ఉండగా, పొరపాటున నిప్పు అంటుకుని బండిదారికి అవతల అడవి కాలినట్టు రాశాడు. నిజంగా మంచివాడు.

"ఇది పొరపాటు కాదు సార్. ఊరి ఆకంతా ఊరి వెనకే పోస్తుంటే చూసి ఫోటోలు తీసుకోవడం పొరపాటు. కాల్చొద్దని వీళ్ళ దగ్గర మాట తీసుకోవడం పొరపాటు. వాటికి వేరే కాగితం ఇవ్వండి, నేనే రాసిస్తాను."

"ఉద్యోగం పోతుంది. జైలు కూడా కావచ్చు."

"కానివ్వండి. వచ్చే ఫాల్గుణంలో ఇప్పచెట్ల కింద ఆకు కాలుస్తాం. నేనుంటే నేనూ కాలుస్తా, లేకపోతే వీళ్ళు కాలుస్తారు. కావాలంటే అది కూడా అందులో చేర్చండి."

సోమశేఖర్ ఆమె మొహంలోకీ, వెనక నిలబడిన ఊరి మొహాల్లోకీ చూసి, కలం ఇచ్చాడు. లింగేశ్వరి ‘పొరపాటున’ అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన ‘తెలిసే’ అని రాసి, కింద తన పూర్తి పేరు పెట్టింది.